ఎడమ చేతి ముద్ద

"సొంతంగా తింటాడా?" అని ఎవరైనా అడిగితే చాలు, నీలావతికి అరికాలి మంట నెత్తికెక్కుతుంది. అడిగేవాళ్లు చెడ్డవాళ్లు కారు. అడగడం వాళ్ల ఉద్యోగం. కానీ తినాల్సిన మనిషి పక్కనే కుర్చీలో కూర్చుని, ఆ మాట తన గురించి కానట్టు తిరుగుతున్న ఫ్యాను వైపు చూస్తుంటాడు. జవాబు చెప్పాల్సింది ఈమె. తినడని చెబితే ఇంటికెళ్లాక ఆయన మూతి ముడుచుకుంటాడు. తింటాడని చెబితే పచ్చి అబద్ధం. మొగుడికి ఏం వచ్చో ఏం రాదో పరాయివాళ్ల ముందు పెళ్లాం అప్పజెప్పే పరీక్ష ఒకటి ఉంటుందని, అందులో ఏం చెప్పినా తప్పే అవుతుందని ఆమెకు తల సగం నెరిసేదాకా తెలియదు.

నీలావతిది చిలమత్తూరు దగ్గర పల్లె. పుట్టింట్లో తెలుగూ కన్నడమూ కలిపే మాట్లాడేవాళ్లు. ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఆదినారాయణకిచ్చి చేశారు. అత్తగారింట్లో ముందుగది మొత్తం గుంటమగ్గమే. ఆయన కాళ్లు గుంటలోకి దించుకుని కూర్చున్నాడంటే ఇల్లంతా ఒకటే చప్పుడు. కుడి చేత్తో తాడు లాగితే దారం మోసే నాడె ఆ అంచు నుంచి ఈ అంచుకు పరిగెత్తేది, ఎడమ చేత్తో పలక గుంజి పోగును దగ్గరికి కొట్టేవాడు. ఆమె పక్కన కూర్చుని దారం కండెలు చుట్టేది. ఒక్కగానొక్క కూతురు రోజా ఆ చప్పుళ్లలోనే పెరిగి, పెళ్లి చేసుకుని బెంగళూరు వెళ్లింది. ఇప్పుడు చంటిబిడ్డతో అక్కడ సతమతమవుతోంది.

మగ్గం పని పలచబడుతున్న రోజుల్లో నీలావతి ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో పనికి చేరింది. పెళ్లాం పనికి పోవడమేమిటని ఆదినారాయణ మొదట్లో గొణిగాడు, తర్వాత అలవాటు పడ్డాడు. నలుగురికి వండిపెట్టడం ఏ ఆడదానికైనా వచ్చు. వందల మందిని వరసలో నిలబెట్టి, తోపులాట లేకుండా, ఒక్కరి ప్లేటూ వెలితిగా కనబడకుండా వడ్డించడం అందరికీ రాదు. నీలావతికి వచ్చింది. గంటె ఆమె చేతిలో ఉంటే లైను ఆగేది కాదు. నూనె మరకల చొక్కాల కుర్రాళ్లు "నీలావతక్కా, రోంత పులుసెయ్యక్కా" అని బతిమాలుకునేవాళ్లు. పుట్టి బుద్ధెరిగాక ఒకరి కూతురు, ఒకరి పెళ్లాం, ఒకరి తల్లి కాకుండా తన పేరుతో తనను పిలిచిన చోటు అదొక్కటే. అందుకే ఆ పనంటే ఆమెకు ప్రాణం. ఆ మాట ఎవరికీ చెప్పలేదు గానీ, ఆదివారం వస్తే ఆమెకు చేతులు ఊరికే ఉండేవి కావు.

పోయిన శ్రావణానికి ముందు, పెళ్లి చీరల గిరాకీ ముదురుతున్న వేళ, ఒక పొద్దున మగ్గం చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోయింది. వంటింట్లోంచి నీలావతి "ఏమైంది?" అని కేకేసింది. పలుకు లేదు. వచ్చి చూస్తే నాడె చీర మధ్యలో నిలబడి ఉంది. ఆదినారాయణ కుడి చెయ్యి తాడు వదిలేసి ఒళ్లో పడి ఉంది. మూతి ఒక పక్కకు జారింది.

ప్రాణం దక్కింది. కుడి కాలు కొంచెం కొంచెంగా తిరిగి వచ్చింది, కర్ర పట్టుకుని ఈడ్చుకుంటూ నడుస్తాడు. మాట తడబడుతూ అయినా వచ్చేసింది. కుడి చెయ్యి మాత్రం రాలేదు. భుజం దగ్గర ఎగరేస్తే ఛాతీ దాకా లేస్తుంది, అంతే. వేళ్లు ముడుచుకుపోయాయి.

పెద్ద డాక్టర్లు పంపితే హిందూపురంలో ఒక ట్రస్టు వాళ్లు నడిపే పునరావాస కేంద్రంలో కొన్నాళ్లు ఉన్నారు. రోగి ఏ పని చేసుకోగలడో, ఏది చేసుకోలేడో చూసి, చేసుకోలేనిది నేర్పించే అమ్మాయి సమీనా అక్కడే పరిచయమైంది. హిందూపురం పిల్లే. ఓపిక ఉన్న పిల్ల. ఆమె దగ్గర ఒక వరస ఉండేది: తినడం, స్నానం, బట్టలు, దొడ్డికి పోవడం, నడక, మెట్లు. ఒక్కోదానికి మూడు జవాబులు. సొంతంగా చేసుకుంటాడు, సాయం కావాలి, చేసుకోలేడు. అప్పుడప్పుడూ మళ్లీ మొదటి నుంచి అడిగి, మార్పు ఏమైనా ఉందేమో చూసేది.

ఆ వరసలో ఆదినారాయణ అన్నిటికంటే ముందు పట్టుదలగా నేర్చుకున్నది దొడ్డికి పోవడం. చేరిన రోజు నీలావతే ఆయన్ని ఎత్తి కూర్చోబెట్టి, కడిగి, తుడిచి తీసుకొచ్చింది. మర్నాటి నుంచి ఆయన ఆమెను ఆ గది గడప దాటనివ్వలేదు. గోడకున్న కడ్డీ ఎట్లా పట్టుకోవాలో, పైపు ఎక్కడ తగిలించుకుంటే ఒక్క చేత్తో పని అవుతుందో సమీనాను అడిగి అడిగి నేర్చుకున్నాడు. పడ్డాడు, లేచాడు, మళ్లీ పోయాడు. సమీనా మెచ్చుకుంది. ఇంత గట్టి మనిషికి మిగతావన్నీ చిటికెలో వచ్చేస్తాయని నీలావతి కూడా సంబరపడింది.

తిండి దగ్గరికి వచ్చేసరికి అంతా తలకిందులైంది.

"అన్నా, ఎడమ చేత్తో ఒక్క ముద్ద పెట్టుకోండి, చూద్దాం," అంది సమీనా.

ఆదినారాయణ ప్లేటు వైపు చూశాడు. "ఆకలి లేదు పాపా," అన్నాడు.

"యాల లేదు?" నీలావతి అందుకుంది. "పొద్దున్నించీ ఆకలి ఆకలని నా ప్రాణం తీస్తాంటివి కదా!"

ఆయన ఫ్యాను వైపు తిరిగాడు. సమీనా వెళ్లి స్పూను తెచ్చింది. ఆ రోజు రాగి సంగటి. స్పూను గుచ్చి ఎత్తితే ముద్ద మొత్తం దాంతోపాటు లేచి వచ్చింది. మర్నాడు అన్నం పెట్టి చూశారు. స్పూనైనా పట్టుకోవాల్సింది ఏ చేత్తోనని ఆయన అడిగాడు. కుడి చేతికి పట్టీ కట్టి స్పూను దూర్చి చూశారు. స్పూను ఛాతీ దాకా వచ్చి చొక్కా మీద పప్పు ఒంపింది.

"మా ఇంట్లోనూ అంతే అక్కా," అంది సమీనా పక్కకు తీసుకెళ్లి. "మా నాయనమ్మ, దాదీ దౌలత్‌బీ ఉన్నింది. నేను ఎడమ చేత్తో నీళ్ల గ్లాసు ఎత్తితే చాలు, చెయ్యి మీద ఒకటి తగిలించేది."

"కొట్టేదానికి ఆమెకు కుడి చెయ్యి ఉన్నింది కదమ్మా," అంది నీలావతి. "ఈయనకు యాడుండాది?"

సమీనా తన కాగితం తీసింది. తినడం దగ్గర 'చేసుకోలేడు' అని రాసుకుంది. నీలావతి సంగటి విరిచి, పులుసులో ముంచి, ఆయన నోట్లో పెట్టింది. ఆకలి లేనాయన ముద్ద తర్వాత ముద్ద మింగి, ఇంకొంచెం పులుసు కావాలన్నాడు.

తర్వాత పెనుకొండలో వికలాంగుల పరీక్షలు జరుగుతున్నాయంటే వెళ్లారు. ఎంత శాతం వైకల్యమో డాక్టర్లు చూసి తేల్చి సర్టిఫికెట్ ఇస్తారు. అది గీత దాటి వస్తే పింఛను. ఆ రోజు ఆదినారాయణ పొద్దున్నే గడ్డం గీయించుకున్నాడు. ఇస్త్రీ చొక్కా కావాలన్నాడు. పెద్దవాళ్ల ముందుకు పోయేటప్పుడు నలిగిన బట్టలతో పోకూడదన్నది ఆయన ఇంటి పద్ధతి. నీలావతికి అనుమానం రావాల్సింది అప్పుడే. పెళ్లిచూపులకు పోయేవాడిలా తయారై వచ్చిన మనిషిని చూసి ఎవరు మాత్రం అయ్యో అంటారు?

హాల్లో బెంచీ మీద ధర్మవరం వాళ్లు ఇద్దరు కనిపించారు. పక్క వీధి నేతగాళ్లు, ఆదినారాయణకు తెలిసినవాళ్లే. "ఏమప్పా ఆదినారాయణా, బాగుండావా?" అని పలకరించారు. అంతే. ఈయన వెన్ను నిటారైంది. పేరు పిలిచేసరికి చేతికర్ర నీలావతికిచ్చేశాడు.

"నడు," అన్నాడు డాక్టరు. నడిచాడు. పళ్లు బిగబట్టి, గోడలు తాకకుండా నడిచాడు. "చెయ్యెత్తు," అంటే ఎడమ చెయ్యి ఆకాశానికి ఎత్తాడు. "అది కాదయ్యా, కుడిది," అంటే భుజం ఎగరేసి ఛాతీ దాకా తెచ్చి, ఇంకా పైకి లేస్తుందన్నట్టు చూశాడు.

"సొంతంగా తింటావా?"

"తింటా సార్."

"బట్టలు?"

"ఏసుకుంటా సార్."

"సార్, యాడ తింటాడు సార్, నేనే కదా పెడ్తాండేది!" అని నీలావతి ముందుకొచ్చింది.

"అమ్మా, ఆయన్ని చెప్పనివ్వు," అన్నాడు డాక్టరు. తప్పేమీ లేదు, అడగాల్సినవాణ్నే అడిగాడు. వెనక నుంచి బెంచీ మీదివాళ్లు వింటున్నారు. "అన్నీ నేనే చేసుకుంటా సార్," అన్నాడు ఆదినారాయణ, హాలంతటికీ వినబడేలా. శాతం గీతకు ఇవతలే ఆగిపోయింది.

బస్టాండులో నీలావతి కర్ర ఆయన కాళ్ల దగ్గర పడేసింది. చుట్టూ జనం ఉన్నారని కూడా చూడలేదు.

"ఆడ తింటానంటివి. ఇంటికి పోతానే నోరు తెరుచుకోని కూచుంటావు. నువ్వు తింటావా తినవా? ఏదో ఒకటి తేల్చి చావబ్బా!"

"అందరూ ఇంటాన్నిరి," అన్నాడు ఆయన మెల్లగా.

"ఇంటే ఇననీ! వాళ్లొచ్చి పెడతారా నీకు ముద్దలు?"

ఆయన వంగి కర్ర తీసుకోవడానికి ప్రయత్నించాడు. వంగితే తూలాడు. నీలావతే తీసి ఇచ్చింది, తిడుతూనే. ఇంట్లో సాయం వద్దనుకోవాల్సిన చోట చేతకాని మనిషి, చేతకాదని చెప్పుకోవాల్సిన చోట వస్తాదు. ఈ మనిషితో ఎట్లా వేగాలో ఆమెకు నిజంగా తోచలేదు.

చలికాలం వచ్చింది. క్యాంటీన్ సూపర్‌వైజర్ జగదీష్ ఇన్నాళ్లూ ఆమె స్థానంలో తాత్కాలికంగా ఎవరెవరినో పెట్టుకుని లాక్కొచ్చాడు. ఇక లాభం లేదని ఫోన్ చేశాడు. "అక్కా, సోమవారం నుంచి వస్తే రా. లేదంటే వేరేవాళ్లను పర్మనెంటుగా పెట్టేస్తా. నన్ను తిట్టుకోవద్దు," అన్నాడు. తిట్టుకోవడానికేం లేదు, అంతకాలం ఆపిందే గొప్ప. పొద్దున ఆమె పెట్టి వెళ్లగలదు, రాత్రి వచ్చి పెట్టగలదు. మధ్యాహ్నం ఒక్క పూట ఆయన తన ముద్ద తాను తినగలిగితే ఆమె బస్సెక్కవచ్చు. తినలేకపోతే ఎక్కలేదు. ఆమె బతుకంతా ఆ ఒక్క పూట దగ్గర ఇరుక్కుంది.

సమీనాకు ఫోన్ చేసి ఏడ్చింది. ఆ పిల్ల ఇంట్లో ఎట్లా ఉంటాడో చూస్తానని శ్రమ తీసుకుని ధర్మవరం వచ్చింది. కేంద్రంలో కాకపోయినా సొంత ఇంట్లో అయితే తినవచ్చునని ఆమె ఆశ. చాప వేసి, పళ్లెంలో సంగటి, అనపగింజల పులుసు పెట్టి, "అక్కా, మీరు చెయ్యి పెట్టొద్దు. ఆయన అడిగినా పెట్టొద్దు. ఊరికే కూర్చోండి," అంది. నీలావతి రెండు చేతులూ ఒళ్లో బిగించుకుని కూర్చుంది. ఆదినారాయణ పళ్లెం ముందు కూర్చున్నాడు. ఎడమ చెయ్యి మోకాలి మీద పెట్టుకుని, దాన్ని చూసుకుంటూ ఉండిపోయాడు. సంగటి చల్లారి పైన పెచ్చు కట్టింది. ఈగ వాలితే ఆ చేత్తోనే తోలాడు. ఈగను తోలడానికి పనికొచ్చిన చెయ్యి తినడానికి ఎందుకు రాదని నీలావతికి అరవాలనిపించింది, సమీనా మొహం చూసి నోరు కట్టుకుంది.

"ఆ చేతికి బలం ఉండాది, వేళ్లు బాగున్నాయి, అన్నీ ఉన్నాయి," అంది సమీనా వెళ్లేటప్పుడు గడప దగ్గర. "నేను చూసింది రాయాలి కదక్కా. చేసుకోలేడనే రాస్తాండా. అట్లాంటి మనిషిని పగలంతా ఒక్కణ్నే వదిలి పొమ్మని మాత్రం నేను చెప్పలేను."

మర్నాడు శనివారం. ఎర్రమంచి వెళ్లి జగదీష్ కాళ్లావేళ్లా పడి ఇంకొన్నాళ్లు గడువు అడుగుదామని నీలావతి బయల్దేరింది. పక్కింటి దొడ్డమ్మకు చెప్పింది, మధ్యాహ్నం వచ్చి నాలుగు ముద్దలు పెట్టమని. పెద్దావిడ సరేనంది. సంగటి గిన్నెలో, ఆకుకూర పప్పు చిన్న గిన్నెలో మూతపెట్టి వెళ్లింది. ఎర్రమంచిలో పని కాలేదు. "సోమవారం అక్కా," అన్నాడు జగదీష్, మొహం చూడలేక పక్కకు తిరిగి. తిరుగు బస్సు ఆలస్యమై సాయంత్రం ధర్మవరంలో దిగేసరికి, బస్టాండులో మడకశిర బస్సు దిగుతూ దొడ్డమ్మ ఎదురైంది.

"అయ్యో తల్లీ!" అని దొడ్డమ్మ నెత్తి కొట్టుకుంది. "మా చెల్లికి బాగలేదని ఫోనొస్తే పొద్దున్నే మడకశిరకు పోతి. నీ మొగుని సంగతి మర్చేపోతి. పాపం ఆదినారాయణ పస్తున్నాడేమో!"

నీలావతి ఇంటికి పరిగెత్తింది. తలుపు తోసింది, రాలేదు. లోపల గడియ వేసి ఉంది. ఆయన ఎప్పుడూ గడియ వేసుకోడు. తలుపు దబదబా బాదింది. లోపల కర్ర చప్పుడు, ఈడ్చే కాలి చప్పుడు, అటూ ఇటూ తచ్చాడిన అలికిడి. చాలాసేపటికి గడియ తీశాడు.

"యాలేసుకుంటివి గడియ?"

"కుక్కలు వస్తాండాయి."

ఆమె లోపలికి నడిచింది. సంగటి గిన్నె ఖాళీ. పప్పు గిన్నె ఖాళీ. పళ్లెం కడిగి, గోడకు ఆనించి ఉంది. దాని కిందుగా ఇంకా నీటి బొట్టు జారుతోంది. గోడ మీద వెంకటేశ్వరస్వామి పటానికి ఆయన తువ్వాలు వేలాడుతోంది. తువ్వాలు అక్కడెందుకుందో ఆమెకు తట్టలేదు.

"తింటివా?" అంది.

"తింటి."

"ఎవరు పెట్టిరి?"

"దొడ్డమ్మ వచ్చి పెట్టిపాయె," అన్నాడు ఆదినారాయణ.

నీలావతి ఆయన ఎదుట చతికిలబడింది. ఎడమ చెయ్యి లాగి వెలుగులోకి తిప్పింది. బొటనవేలి గోటి అంచున పసుపు. నడిచి వెళ్లి గడియ వేసుకున్నాడు. గిన్నె మూత తీసుకున్నాడు. కింద కూర్చున్నాడు. తిన్నాడు. లేచాడు. పళ్లెం కడిగాడు. సమీనా చేసుకోలేడని రాసుకున్నదంతా చేసుకున్నాడు, ఎవరూ చూడకుండా.

"దొంగా!" అంది నీలావతి. పట్టుకున్న చెయ్యి వదల్లేదు. "ఆ పిల్ల హిందూపురం నుంచి వచ్చి నీ ముందర కూచుంటే చేయి కదపవు. పెనుకొండలో అబద్ధం చెప్పి వస్తివి. నా పని పోతాంది. సోమవారం నా పని పోతాందని తెలుసు కదా నీకు! తినేదానికి వచ్చి గుడక నన్నీడ కట్టేసుకుంటివి కదయ్యా! ఎందుకు? నేను బయటికి పోకూడదనా?"

"కాదు."

"మరి ఎందుకు?"

ఆయన ఎడమ చెయ్యి ఆమె పట్టు నుంచి విడిపించుకుని, తన వెనక దాచుకున్నాడు.

"నాకు ఒక్క చెయ్యే ఉండాది," అన్నాడు. "దాంతోనే కడుక్కుంటాండా. దాంతోనే ఎట్ల తినేది?"

"సబ్బు పెట్టి కడుక్కుంటావు కదా!"

"సబ్బుతో చెయ్యి కడుగుతాది. మనసు కడగదు." మాట తడబడింది, ఆగి మళ్లీ మొదలుపెట్టాడు. "హిందూపురంలో మొదటి పొద్దు నువ్వు నన్ను కడిగితివి. ఆ పొద్దే అనుకుంటి. ఉండేది ఒక చెయ్యి, దాన్ని ఒక్క పనికే పెట్టుకోవల్ల. ముద్దయితే నీతో పెట్టించుకోవచ్చు. బిడ్డలకు పెడతారు, పెండ్లిలో పెండ్లికొడుక్కి గుడక పెడతారు, తప్పేం లేదు. ఆ పని మాత్రం నీతో చేపించుకోలేను. సచ్చినా చేపించుకోలేను. అందుకే చెయ్యి దానికి ఇచ్చేస్తి."

నీలావతి ఆయన వెనక దాచుకున్న ఆ చేతి వైపు చూసింది.

"ఈ పొద్దు దొడ్డమ్మ రాలే. ఆకలికి కండ్లు తిరిగె. గడియేసుకుంటి. స్వామి చూడకుండా పటానికి తువ్వాలు కప్పితి. తింటిని, బిచ్చగాని మాదిరి. ఇదిగో, చెప్పేస్తి. రాసుకోమను ఆ పాపను."

ఇన్నాళ్లూ ఎందరు అడిగారు, ఎన్నిసార్లు అడిగారు! తింటాడా, కడుక్కుంటాడా, నడుస్తాడా. ఒకదాని తర్వాత ఒకటి, వేరు వేరుగా. తినడం, కడుక్కోవడం రెండూ ఒకే చెయ్యి చెయ్యాలన్నది ఎవరికీ తట్టలేదు. మంచం పక్కనే పడుకునే తనకూ తట్టలేదు. ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలియక నీలావతి లేచి వంటింట్లోకి పోయింది. రాత్రి వంట మొదలుపెట్టింది. నీళ్లు మరిగించి, పిండి పోసి, కట్టెతో సంగటి గెలికింది. గిన్నె పగిలిపోతుందేమో అన్నంతగా గెలికింది.

పళ్లెం తెచ్చి ఆయన ముందు పెట్టలేదు. తన ముందు పెట్టుకుంది. కుడి చెయ్యి వీపు వెనక్కి పెట్టుకుంది. ఎడమ చేత్తో సంగటి విరిచింది.

"ఏం చేస్తాండావు?" అన్నాడు ఆదినారాయణ.

ముద్ద సరిగా రాలేదు, వేళ్లకు అంటుకుపోయింది. పులుసులో ముంచితే మోచేతి దాకా కారింది. నోటి దాకా తెచ్చేసరికి ముద్ద ఆగిపోయింది. వేలకు వేల ప్లేట్లు వడ్డించిన మనిషి, ఏ ఎంగిలికీ ఏ కంపుకీ జంకని మనిషి, తన చెయ్యి తన నోటి దగ్గరికొస్తే మొహం పక్కకు తిప్పేసుకుంది. తన పద్ధతిగా తాను ఏ రోజూ అనుకోని పద్ధతి ఒళ్లంతా ఇంత లోతుగా పాతుకుపోయి ఉందని ఆమెకు అప్పుడు తెలిసింది. కళ్లు మూసుకుని నోట్లో పెట్టుకుంది. మింగింది. రెండోది విరిచింది.

"ఇడ్చిపెట్టు నీలా. నీకేం ఖర్మ, రెండు చేతులుండాయి నీకు."

"నీకు కడుపుకు లేకుంటే నాకు బస్సెక్కేదానికి కాదు," అంది ఆమె ముద్ద నోట్లో ఉండగానే. ఏడుస్తోంది, తింటోంది, తిడుతోంది. "అందుకు తింటాండా. నువ్వు చేసిందే నేనూ చేస్తి. ఇప్పుడు ఇద్దరం ఒకటే. తలుపేసుకో. స్వామికి తువ్వాలు కప్పుకో. నేను చూడను. ఎవరితోనూ చెప్పను. నువ్వు తిను, అంతే. తిను."

పళ్లెం ఖాళీ అయ్యేదాకా ఆమె చెయ్యి మార్చలేదు. ఆదినారాయణ ఆమె నోటి వైపు, ఆ చేతి వైపు మార్చి మార్చి చూస్తూ కూర్చున్నాడు. ఆ రాత్రి ఆయనకు ఆమే పెట్టింది, కుడి చేత్తో. ఆయన మామూలుగా తిన్నాడు. తింటానని గానీ తిననని గానీ అనలేదు.

సోమవారం పొద్దున మూతపెట్టిన గిన్నెలు పీట పక్కన, చేతికి అందేంత దూరంలో పెట్టి నీలావతి బస్సెక్కింది. గంటె చేతికొచ్చింది. "అక్కొచ్చింది రోయ్!" అని లైను మొత్తం అరిచింది. ఆమె నవ్వింది గానీ రోజంతా మనసు ఆ గిన్నెల మీదే ఉంది. మధ్యాహ్నం వడ్డిస్తూ వడ్డిస్తూ ఒక కుర్రాడి ప్లేటు దగ్గర ఆగిపోయింది. "ఏమక్కా, పులుసు అయిపోయిందా?" అన్నాడు వాడు. లేదని చెప్పి రెండు గంటెలు ఎక్కువే పోసింది.

సాయంత్రం వచ్చేసరికి తలుపు గడియ వేసి ఉంది. ఆమె బాదలేదు. గడప మీద కూర్చుని కాసేపు ఆగింది. లోపల నీళ్ల చప్పుడు, పళ్లెం గోడకు ఆనించిన చప్పుడు. మధ్యాహ్నం తినాల్సినాయన ఇప్పుడా తిన్నాడు అనుకుంది. పొద్దంతా ఆ గిన్నెలతో కుస్తీ పట్టి ఉంటాడు. గడియ తీశాక ఆయన మొహంలోకి చూడకుండా చెప్పులు విప్పి లోపలికి పోయింది. తువ్వాలు ఆయన భుజం మీదే ఉంది.

దొడ్డమ్మ గోడ మీదుగా తొంగి చూసి, "మజ్జాన్నం ఎవరమ్మా పెట్టింది?" అంది.

"ఎవరో ఒకరు పెట్టినార్లే," అంది నీలావతి.

కాళ్లు కడుక్కుంటుండగా సమీనా ఫోన్ చేసింది. "ఎట్లుంది అక్కా? పనికి పోయినారంట కదా. అన్న తిన్నాడా మరి?"

"తిన్నాడు."

"నిజంగానా! మీరు చూశారా?"

"చూడలే."

"చూడకుండా ఎట్లక్కా, సొంతంగా తింటాడని నేను రాసేది? ఒకసారి హిందూపురం తీసుకురండి. నేను చూసి రాసుకుంటా. పెనుకొండలో కూడా మళ్లీ పరీక్ష పెట్టించుకుందాం."

"మళ్లీ ఇస్త్రీ చొక్కా ఏసుకుంటాడులే ఆడికి," అంది నీలావతి. విసుగు గొంతులో అట్లాగే ఉంది. "నీ ముందర తినడు పాపా. నా ముందర గుడక తినడు. రేపు పిలుచుకొచ్చినా ఫ్యాను చూస్తా కూచుంటాడు."

"మరి నేనేం రాయను అక్కా?"

ముందుగదిలో ఆదినారాయణ మగ్గం గుంట అంచున, పక్కన నీళ్ల బకెట్ పెట్టుకుని కూర్చుని, ఎడమ చెయ్యి సబ్బు పెట్టి మళ్లీ కడుక్కుంటున్నాడు. నీలావతి అటు చూసి, వెంటనే చూపు తిప్పుకుంది.

"గడియ ఏసుకోగలడు," అంది. "అది రాసుకో."